సమా, వజ్ద్: శ్రోత కన్నీటిని గూర్చిన పాత చర్చ

అరబీలో 'సమా' అంటే వినడం. మొదట ఈ మాటకు సంగీతంతో ప్రత్యేక సంబంధం లేదు. ఖుర్‌ఆన్ వినడమూ సమాయే, గురుముఖతః హదీసు వినడమూ సమాయే. పాత హదీసు గ్రంథాల వ్రాతప్రతులలో, ఆ గ్రంథాన్ని గురువు సమక్షంలో ఎవరెవరు కూర్చుండి విన్నారో వారి పేర్లు వ్రాసి ఉంచేవారు. ఆ వ్రాతకు కూడా అదే పేరు. హిజ్రీ మూడవ శతాబ్దం నాటికి ఈ పదానికి ఇంకొక అర్థం స్థిరపడింది. కొందరు ఒకచోట కూడి, గాయకుడు ఆలపించే కవిత్వాన్ని వింటూ, దాని మూలంగా హృదయంలో కలిగే చలనాన్ని దైవస్మరణకు సాధనంగా చేసుకునే సభకు 'సమా' అని పేరు వచ్చింది.

ఆ సభల ధర్మబద్ధతను గూర్చి వెయ్యేళ్ళకు పైగా చర్చ సాగింది. మన ప్రాంతంలో అది సాధారణంగా రెండు మాటలకు కుదించుకుపోయింది: హలాల్, హరామ్. ఉర్సుకు వెళ్ళి ఖవ్వాలీ విని కంటతడి పెట్టే పెద్దలూ, అది బిద్అత్ అని వారిని వారించే యువకులూ ఒకే ఇంటిలో ఉన్నారు. వీరు వారిని దారి తప్పినవారంటే, వారు వీరిని హృదయం లేనివారంటారు. ఇరుపక్షాలూ ఉదహరించే ఇమాముల గ్రంథాలు తెరచి చూసినప్పుడు, ఆ మహనీయులు మరొక ప్రశ్నపై కూడా ఎంతో శ్రమపడినట్లు తెలుస్తుంది. పాట విన్నప్పుడు మనిషి చలిస్తాడన్న విషయాన్ని వారిలో ఎవరూ కాదనలేదు. ఆ చలనానికి విలువ ఎంత? అది నిజమో కాదో పరీక్షించేది ఎలా? ఫత్వా చెప్పడం ముఫ్తీల పని. ఈ వ్యాసం ఆ పనికి పూనుకోదు. పై ప్రశ్న చరిత్రను వివరించడమే ఇక్కడి ప్రయత్నం.

తరబ్, వజ్ద్

సంగీతం వల్ల కలిగే చలనానికి అరబీలో రెండు ముఖ్యమైన పదాలున్నాయి. మొదటిది 'తరబ్'. దీనిని సంతోషమని అనువదించడం కద్దు. కాని నిఘంటుకారులు చెప్పిన అర్థం ఇంకా విశాలమైనది: అధికమైన ఆనందం వల్లగాని, అధికమైన దుఃఖం వల్లగాని మనిషి నిలకడ తప్పి తేలికైపోవడం తరబ్. ఏడ్పూ నవ్వూ రెండూ అందులో ఇమిడిపోతాయి. ఇది గాయకుల, రాజసభల పదం.

రెండవది 'వజ్ద్'. ఇది సూఫీల పదం. దీనిని తెలుగు చేయబోయే అనువాదకునికి చిక్కు ఎదురవుతుంది. 'ఆవేశం' అంటే కోపం స్ఫురిస్తుంది. 'పూనకం' అంటే చూడడానికి దగ్గరగానే ఉంటుంది; కాని పూనకంలో బయటి శక్తి ఏదో మనిషిలో ప్రవేశిస్తుంది. వజ్ద్‌కు ధాతువు 'వజద', అనగా కనుగొనుట, పొందుట. తనలో అంతకుముందే ఉండి మరుగుపడినదానిని శ్రోత హఠాత్తుగా కనుగొనడం ఈ పదంలోని భావం. 'పారవశ్యం' అన్న మాట కొంతవరకు సరిపోతుందిగాని, అందులో ఈ కనుగొనడమన్న అర్థం లేదు. కనుక ఇక్కడ వజ్ద్ అనే వ్రాస్తున్నాను.

ఇమామ్ ఖుషైరీ (మరణం హి. 465, క్రీ.శ. 1072) తన 'రిసాలా'లో ఈ ధాతువు నుండే వచ్చిన మరొక పదాన్ని వజ్ద్ నుండి విడదీసి చూపారు. అది 'తవాజుద్', అనగా వజ్ద్‌ను ప్రయత్నపూర్వకంగా తెచ్చుకోవడం. తానై వచ్చినది ఒకటి, తెచ్చుకున్నది మరొకటి. తరువాతి చర్చకంతటికీ ఈ విభజన పునాది వంటిది.

తొలి తరం విన్న తీరు

దైవప్రవక్త (స) ఒకమారు హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి)ను ఖుర్‌ఆన్ వినిపించమని కోరారు. అది అవతరించింది తమపైనే కదా, తమకు నేను వినిపించడమా అని ఆయన సంకోచించారు. ఇతరుల నోట వినడం తనకు ఇష్టమని ప్రవక్త (స) తెలిపారు. సూరా నిసా 41వ ఆయతు వద్దకు రాగానే ఇక చాలునన్నారు. ఇబ్నె మస్ఊద్ (రజి) తలయెత్తి చూడగా ప్రవక్త (స) కళ్ళ నుండి నీరు కారుతూ ఉంది. ఇది సహీహ్ బుఖారీలోని ఉల్లేఖనం. మధుర కంఠానికి పేరుపొందిన హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) పఠనాన్ని ప్రవక్త (స) హజ్రత్ దావూద్ (అలై) వంశీకుల వేణునాదంతో పోల్చిన విషయం కూడా ప్రసిద్ధమే. కాబట్టి స్వరమాధుర్యం, దానివల్ల కన్నీరు, ఇవి ఇస్లాంకు అపరిచితాలు కావు.

పాట విషయంలో ఇరుపక్షాలకూ ఆధారాలున్నాయి. ఈద్ నాడు హజ్రత్ ఆయిషా (రజి) ఇంటిలో ఇద్దరు బాలికలు బుఆస్ యుద్ధానికి సంబంధించిన పాటలు పాడుతుండగా హజ్రత్ అబూబక్ర్ (రజి) గద్దించారు. ప్రతి జాతికీ పండుగ ఉంటుంది, వారిని పాడనివ్వమని ప్రవక్త (స) చెప్పారు. అనుమతి ఉన్నదనేవారికి ఇది ప్రధానమైన ఆధారం. వారు చిన్న బాలికలనీ, అది పండుగ దినమనీ, ఆ అనుమతిని అంతకు మించి సాగదీయరాదనీ రెండవ పక్షం సమాధానం. బుఖారీలోనే మద్యాన్నీ, పట్టునూ, వాద్యాలనూ ధర్మసమ్మతం చేసుకునే ప్రజలను గూర్చిన హదీసు ఉంది. దాని పరంపరలో తెంపు ఉన్నదని ఇబ్నె హజ్మ్ (మరణం హి. 456, క్రీ.శ. 1064) వాదించారు, హదీసువేత్తలలో అధికులు ఆ వాదాన్ని అంగీకరించలేదు. నాలుగు మజ్‌హబుల ఫుఖహాలలో అధిక సంఖ్యాకులు తీగ వాద్యాలు నిషిద్ధమనే చెప్పారు.

మన ప్రశ్నకు మరింత దగ్గరైన ఉల్లేఖనాలు వేరే ఉన్నాయి. హజ్రత్ అస్మా బిన్తె అబీబక్ర్ (రజి)ను ఆమె మనుమడు, ఖుర్‌ఆన్ విన్నప్పుడు సహాబాలు ఎలా ఉండేవారని అడిగాడు. అల్లాహ్ వర్ణించినట్లే ఉండేవారు, కళ్ళు చెమర్చేవి, శరీరం జలదరించేది అని ఆమె తెలిపారు. ఇప్పుడు కొందరు వింటూనే స్పృహ తప్పి పడిపోతున్నారని అతడు చెప్పగా, ఆమె షైతాను నుండి అల్లాహ్ శరణు కోరారు. బస్రా నగరపు తాబయీ ఇబ్నె సీరీన్ (మరణం హి. 110, క్రీ.శ. 728) వద్ద కూడా ఇటువంటివారి ప్రస్తావన వచ్చింది. ఆయన సూచించిన పరీక్ష సూటిగా ఉంది: వారిని గోడమీద కాళ్ళు వ్రేలాడేటట్లు కూర్చుండబెట్టి, ఖుర్‌ఆన్ మొదటినుండి చివరివరకు చదివి వినిపించండి, అప్పుడు కూడా పడిపోతే వారు సత్యవంతులే.

పాఠకులు గమనించవలసిన అంశం ఒకటుంది. ఈ రెండు సందర్భాలలోనూ వినబడుతున్నది పాట కాదు, ఖుర్‌ఆన్. విన్నది పవిత్రమైనంత మాత్రాన విన్నవాని ప్రతి చేష్టా నిజమని ఆ పెద్దలు ఒప్పుకోలేదు. చలనాన్ని పరీక్షించడం సంగీత వాదం కంటె ముందే మొదలయిందన్నమాట.

బాగ్దాదు సభలు

అబ్బాసీ ఖలీఫాల బాగ్దాదులో సంగీతం ఉన్నత కళగా వెలసింది. హారూన్ రషీద్ కాలంలో ఇబ్రాహీం మౌసిలీ, ఆ తరువాత ఆయన కుమారుడు ఇస్‌హాఖ్ మౌసిలీ (మరణం హి. 235, క్రీ.శ. 850) ఆస్థాన గాయకులలో అగ్రగణ్యులు. అబుల్ ఫరజ్ ఇస్ఫహానీ సంకలనం చేసిన 'కితాబుల్ అగానీ'లో ఆనాటి శ్రోతల వర్ణనలు కోకొల్లలు. పాట విని బట్టలు చించుకున్నవారు, గాయకునికి సంచుల కొద్దీ ధనం కురిపించినవారు అందులో కనిపిస్తారు. అది తరబ్ ప్రపంచం. మద్యమూ, దాసీల గానమూ దానితో కలిసే ఉండేవి.

తత్వవేత్తలు ఈ విషయాన్ని శాస్త్రంగా పరిశీలించారు. అల్ కిందీ, ఇఖ్వానుస్సఫా సంగీతంపై వ్రాశారు. అల్ ఫారాబీ (మరణం హి. 339, క్రీ.శ. 950) వ్రాసిన 'కితాబుల్ మూసీఖా అల్ కబీర్' ఆ శాస్త్రంలో మహాగ్రంథం. ఆయనను గూర్చి ఇబ్నె ఖల్లికాన్ ఒక కథ చెప్పారు. అలెప్పో పాలకుడు సైఫుద్దౌలా సభలో ఫారాబీ ఒక వాద్యాన్ని కూర్చి వాయించగా సభికులంతా నవ్వారట; తీగలు మార్చి వాయించగా ఏడ్చారట; మూడవసారి వాయించగా ద్వారపాలకునితో సహా అందరూ నిద్రపోయారట, ఆయన లేచి వెళ్ళిపోయారట. ఇది కథే కావచ్చు. కాని కథలో నిజమైన జంకు ఒకటి దాగి ఉంది. ఒకే మనుషులు ఒకే రాత్రి, కారణమేమీ లేకుండానే నవ్వీ ఏడ్చీ నిద్రపోగలిగితే, ఆ ఏడ్పుకు అర్థమేమిటి? తీగ బిగించిన తీరే కన్నీటికి కారణమైతే, దానిని భక్తి అనడం ఎలా?

సూఫీల సమా సభలు కూడా బాగ్దాదులోనే పెంపొందాయి. అంతకుముందే ఇమామ్ షాఫయీ (మరణం హి. 204, క్రీ.శ. 820) ఇరాఖులో 'తగ్బీర్' అనే పేరుతో సాగిన లయబద్ధమైన భక్తిగానాన్ని తీవ్రంగా నిరసించి, అది ప్రజలను ఖుర్‌ఆన్ నుండి మళ్ళించడానికి పుట్టించినదని అన్నట్లు ఉల్లేఖించబడింది. సూఫీలలోనే తొలి పెద్దలు జాగ్రత్తగా ఉండేవారు. జూన్నూన్ మిస్రీ (మరణం హి. 245, క్రీ.శ. 859) బాగ్దాదు వచ్చినప్పుడు, అక్కడి సూఫీలు ఒక ఖవ్వాలును వెంటబెట్టుకుని వచ్చి పాడించడానికి అనుమతి తీసుకున్నారు. పాట విని జూన్నూన్ లేచి, ముఖం నేలకు తగిలి నెత్తురు కారేటట్లు పడిపోయారు. అది చూచి సభలో మరొకడు కూడా వజ్ద్ వచ్చినవానివలె లేచాడు. అతడు లేచినప్పుడు చూస్తున్న ప్రభువు ఒకడున్నాడన్న ఖుర్‌ఆన్ వాక్యాన్ని జూన్నూన్ గుర్తుచేశారు. ఆ మనిషి వెంటనే కూర్చున్నాడు. ఖుషైరీ తన గురువు అబూ అలీ దఖ్ఖాఖ్ అభిప్రాయంగా, ఈ సంఘటనలో గురువుకు సూక్ష్మదృష్టి ఉన్నది, కూర్చున్నవానికి న్యాయబుద్ధి ఉన్నది అని వ్రాశారు. నటనను ఒప్పుకుని కూర్చోగలగడం కూడా ఒక సుగుణంగా లెక్కకు వచ్చింది.

జునైద్ బాగ్దాదీ (మరణం హి. 298, క్రీ.శ. 910) సమాలో కదలకుండా కూర్చునేవారు. ఎందుకని అడిగితే, నిశ్చలంగా కనిపిస్తూ మేఘాలవలె సాగిపోయే పర్వతాలను గూర్చిన సూరా నమ్ల్ ఆయతును సమాధానంగా చదివారు. చలనం లోపల ఉండవచ్చు, బయట కనబడనక్కరలేదని ఆయన భావం. సమాకు మూడు అవసరమన్న మాట కూడా ఆయనదే: తగిన సమయం, తగిన చోటు, తగిన సహచరులు.

రయ్ నగరపు వృద్ధుడు

ఈ చర్చ మొత్తంలో నాకు మరపురాని ఘట్టం యూసుఫ్ బిన్ హుసైన్ రాజీ (మరణం హి. 304, క్రీ.శ. 916)ది. ఇమామ్ గజాలీ దీనిని 'ఇహ్యా'లో ఉదహరించారు. అబుల్ హుసైన్ దర్రాజ్ అనే సూఫీ ఆయనను చూడడానికి బాగ్దాదు నుండి రయ్ నగరానికి ప్రయాణమై వెళ్ళాడు. ఊరిలో ఎవరిని అడిగినా, ఆ జిందీఖుతో నీకేం పని అన్నారు. వెనుదిరగాలనుకుని కూడా, ఇంత దూరం వచ్చాక ఒకసారి చూడడం మంచిదని మస్జిదుకు వెళ్ళాడు. మిహ్రాబులో తేజస్సు గల వృద్ధుడు ముస్‌హఫ్ చేతబట్టి చదువుతున్నాడు. కుశల ప్రశ్నల తరువాత, నీకు ఏమైనా కవిత్వం వచ్చునా అని వృద్ధుడు అడిగాడు. దర్రాజ్ ఒక ద్విపద వినిపించాడు. వృద్ధుడు ముస్‌హఫ్ మూసి, గడ్డమూ బట్టలూ తడిసేటట్లు ఏడ్చాడు. ఆ పిదప అన్నాడు: నాయనా, రయ్ ప్రజలు నన్ను జిందీఖు అంటున్నారని వారిని తప్పుపడతావా? ఫజ్ర్ నమాజు మొదలు ఇంతవరకు ఖుర్‌ఆన్ చదువుతూనే ఉన్నాను, కంట ఒక్క చుక్క రాలలేదు. ఈ రెండు పాదాలకు నామీద ప్రళయం వచ్చిపడింది.

ఆ వృద్ధుడు తన కన్నీటిని చూచి గర్వించలేదు. అది తనపై అభియోగమని ఆయన గ్రహించాడు. ఈనాడు కూడా విశ్వాసి అయిన ప్రతి సంగీత శ్రోతకూ ఈ ప్రశ్న తగులుతుంది: పాటకు కరిగే నా హృదయం ఖుర్‌ఆన్‌కు ఎందుకు కరగడం లేదు?

గజాలీ సమాధానం

ఇమామ్ గజాలీ (హి. 450–505, క్రీ.శ. 1058–1111) 'ఇహ్యాఉ ఉలూమిద్దీన్' నలభై ప్రకరణాలలో పద్దెనిమిదవదానిని సమా, వజ్ద్ మర్యాదలకు కేటాయించారు. ఆ ప్రశ్నను ఆయన దాటవేయలేదు. ఏడు కారణాలు చెప్పారు. వాటి సారాంశం ఇది. మొదటిది, వారసత్వం, తలాఖు వంటి ఆదేశాలతో కూడిన ఆయతులు ప్రతి శ్రోత అప్పటి మనఃస్థితికి సరిపోకపోవచ్చు. రెండవది, ఖుర్‌ఆన్ కంఠస్థమై నిత్యం వినబడుతుంది. తొలిసారి విన్నదాని ప్రభావం తరువాత తగ్గుతుంది. కొత్తగా వచ్చిన ఎడారివాసులు ఖుర్‌ఆన్ విని ఏడుస్తుంటే, మేమూ ఒకప్పుడు అలాగే ఉండేవారమని హజ్రత్ అబూబక్ర్ (రజి) అన్నట్లు ఆయన గుర్తుచేశారు. మూడవది కవిత్వంలోని ఛందస్సు. నాలుగవది రాగం, అక్షరాలను ఇష్టానుసారం సాగదీయడం పాటలో చెల్లుతుంది, ఖుర్‌ఆన్‌లో చెల్లదు. అయిదవది తాళం, దైవవాక్యాన్ని దాని నుండి కాపాడవలసి ఉంది. ఆరవది, ఒక పాట శ్రోతకు నచ్చకపోతే మరొకటి పాడమనవచ్చు. ఖుర్‌ఆన్ విషయంలో అలా అనడం తగదు. ఏడవది, కవిత్వం మనిషి స్వభావానికి సజాతీయం. ఖుర్‌ఆన్ అల్లాహ్ వాక్కు, మానవ స్వభావానికి అతీతం.

ఈ ఏడింటిలో ఏదీ పాట ఖుర్‌ఆన్ కంటె గొప్పదని చెప్పడం లేదు. పాట ఎందుకు తేలికగా తాకుతుందో చెబుతున్నది, అంతే. తేలికగా తాకినది లోతైనదని అనుకోవద్దన్న హెచ్చరిక కూడా ఇందులో ఉంది.

శబ్దం జీవిని ఎంతగా వశపరచుకోగలదో చూపడానికి గజాలీ ఒంటెల కథ చెప్పారు. అరబ్బు ఎడారిలో ఒక బానిస బరువులు మోసే ఒంటెలను పాట పాడుతూ తోలగా, అవి మూడు రోజుల ప్రయాణాన్ని ఒక్క రాత్రిలో చేసి, గమ్యం చేరి దాదాపు అన్నీ చనిపోయాయి. ఈ బలం పశువులపైనే ఇంత పని చేస్తే, మనిషికి తర్కం అక్కరలేదు. కాని అబూ సులైమాన్ దారానీ మాటగా గజాలీ చెప్పినది వేరొకటి: పాట హృదయంలో లేనిదానిని తెచ్చిపెట్టదు, ఉన్నదానినే కదిలిస్తుంది. దీనికి ఆయన ఇచ్చిన ఉదాహరణ ఒకటి మనవంటివారికి బాగా అర్థమవుతుంది. అరబీ పద్యంలో 'నన్ను దర్శించలేదు' అన్న అర్థంలో వచ్చిన మాటలను ఒక పారసీకుడు తన భాషలో విన్నాడు. ఆ ధ్వనికి పారసీలో 'మేము నాశనానికి చేరువయ్యాం' అన్న అర్థం తోచి, పరలోక భయంతో అతనికి వజ్ద్ వచ్చింది. కవి చెప్పినది ఒకటి, అతని హృదయం విన్నది మరొకటి. పారసీ కలాం ఒక్క ముక్క అర్థం కాకుండానే కన్నీరు పెట్టుకునే మన జిల్లాల శ్రోతల స్థితి దీనికి ఎంతో దూరం కాదు.

కనుకనే గజాలీ నిర్ణయం శ్రోతనుబట్టి మారుతుంది. ప్రాపంచిక వాంఛ నిండిన హృదయానికి, ముఖ్యంగా యువకులలో అధికులకు, సమా హరామ్, ఎందుకంటే అది కదిలించేది ఆ వాంఛనే. దానిని వ్యసనం చేసుకుని కాలం వెళ్ళబుచ్చేవారికి మక్రూహ్. మధుర స్వరాన్ని ఆనందించడం తప్ప వేరే ఫలితం లేనివారికి ముబాహ్. అల్లాహ్ ప్రేమ నిండినవారికి ముస్తహబ్. మద్యపాన గోష్ఠులకు గుర్తుగా మారిన తీగ వాద్యాలనూ వేణువులనూ ఆయన నిషేధంలోనే ఉంచారు.

వ్యతిరేకుల మాట

ఇబ్నుల్ జౌజీ (మరణం హి. 597, క్రీ.శ. 1201) 'తల్బీసు ఇబ్లీస్'లో సమా సభలను తీవ్రంగా విమర్శించారు. సూఫీ తన చలనం దైవప్రేమ అనుకుంటాడు, నిజానికి అది స్వభావసిద్ధమైన ఉద్రేకమేనని ఆయన వాదం. ఇబ్నె తైమియ్యా (మరణం హి. 728, క్రీ.శ. 1328) సమాను రెండుగా విభజించారు: ఖుర్‌ఆన్ వినే సమా ప్రవక్తల, విశ్వాసుల మార్గం, ఈలలు, చప్పట్ల సమా మొదటి మూడు తరాలలో ఆరాధనగా ఎన్నడూ లేదు. యాదృచ్ఛికంగా చెవిన పడడానికీ, పనిగట్టుకుని కూర్చుని వినడానికీ మధ్య భేదాన్ని కూడా ఆయన నొక్కిచెప్పారు.

వీరిది హృదయం లేని వాదమనడం అన్యాయం. మనిషి తన ఉద్రేకాన్ని చూచి తానే మోసపోతాడన్న భయం వీరిని పలికించింది. గజాలీలోనూ అదే భయం ఉంది. తేడా ఎక్కడంటే, ఆ అపాయం మూలంగా వీరు తలుపు మూసివేశారు, గజాలీ తలుపు వద్ద కావలి పెట్టారు.

లాహోరు నుండి గుల్బర్గా వరకు

లాహోరులో సమాధి అయిన హుజ్వీరీ (దాతా గంజ్ బఖ్ష్) 'కష్ఫుల్ మహ్‌జూబ్' చివరి అధ్యాయం సమాను గూర్చినదే. సమా సూర్యునివంటిదని ఆయన పోలిక: ఒకే వెలుగు అన్నిటిపై పడినా ఒకదానిని కాలుస్తుంది, ఒకదానిని కరిగిస్తుంది, ఒకదానిని పోషిస్తుంది. కిర్మానులో ఖ్వాజా ముజఫ్ఫర్ అనే పెద్ద తన కోరికపై గాయకులను పిలిపించారనీ, తాను ఎంతో చలించిపోయాననీ ఆయనే వ్రాశారు. సభ ముగిశాక ఆ పెద్ద, ఈ పాటా కాకి అరుపూ నీకు ఒకటయ్యే రోజు వస్తుంది, ఇప్పుడే దీనికి అలవాటు పడవద్దు అని హెచ్చరించారట. సంగీతం మార్గమధ్యంలోని మజిలీ, అక్కడే ఇల్లు కట్టుకోరాదని దీని తాత్పర్యం.

ఢిల్లీలో ఖ్వాజా ఖుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ హి. 633 (క్రీ.శ. 1235)లో సమాలో విన్న ఒక్క పద్యానికి వజ్ద్‌లో మునిగి, అదే స్థితిలో కొద్ది రోజులకు మరణించారు. చిష్తీ సంప్రదాయం దీనితోపాటు మరొక వివరం భద్రపరచింది: నమాజు వేళ కాగానే ఆయనకు స్పృహ వచ్చేది, నమాజు చేసి మళ్ళీ ఆ స్థితిలోకి వెళ్ళేవారు. వజ్ద్ ఎంత గాఢమైనదో చెప్పడంతో వారు తృప్తిపడలేదు. అది నమాజును మింగలేదని చెప్పడం అవసరమనుకున్నారు.

హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (మరణం హి. 725, క్రీ.శ. 1325) కాలంలో విషయం సుల్తాను వద్దకు వెళ్ళింది. గియాసుద్దీన్ తుగ్లఖ్ (పాలన 1320–1325) సమక్షంలో ఉలమాల సభ, దానిని మహ్‌జర్ అన్నారు, ఏర్పాటయింది. షేఖ్ తన పక్షాన హదీసును చూపగా, ఈ నగరంలో హనఫీ ఫిఖ్‌హ్ నిర్ణయమే ముఖ్యమని కొందరు వాదించారు. ఆ మాట ఆయనను మిక్కిలి నొప్పించినట్లు అమీర్ ఖుర్ద్ 'సియరుల్ ఔలియా' తెలుపుతుంది. సమాను నిషేధిస్తూ సుల్తాను ఆజ్ఞ ఏదీ వెలువడలేదు.

అంత దూరం వాదించిన షేఖ్ తన వారి విషయంలో ఎంత కఠినంగా ఉండేవారో చూడాలి. సమాకు ఆయన నాలుగు షరతులు విధించారు. పాడేవాడు ప్రౌఢుడైన పురుషుడై ఉండాలి. వినేవాని హృదయం దైవస్మరణతో నిండి ఉండాలి. పాడేది అశ్లీలం, పరిహాసం లేనిదై ఉండాలి. తీగ వాద్యాలు ఉండరాదు. ఒకమారు కొందరు దర్వేషులు వాద్యాలున్న సభలో నృత్యం చేశారని తెలిసి ఆయన తప్పుపట్టారు. మేము సమాలో ఎంతగా మునిగిపోయామంటే అక్కడ వాద్యాలున్నదే మాకు తెలియలేదని వారు సమాధానమిచ్చారట. ఇది జవాబే కాదు, ఏ పాపానికైనా ఇలాగే చెప్పుకోవచ్చు అని షేఖ్ తోసిపుచ్చారు. పారవశ్యం తప్పుకు సాకు కాజాలదన్న ఈ తీర్పు వచ్చింది సమాను వ్యతిరేకించినవారి నుండి కాదు, దానిని హృదయపూర్వకంగా ప్రేమించినవారి నుండి. ఆయన శిష్యుడు నసీరుద్దీన్ చిరాగ్ దెహ్లీ (మరణం 1356) వాద్యాలున్న సభ నుండి లేచిపోయి, నీ పీరు మార్గాన్ని విడిచావా అన్నవారికి, పీరు ఆచరణ ప్రమాణం కాదు, ఖుర్‌ఆన్ హదీసులే ప్రమాణం అని బదులిచ్చిన సంగతి కూడా ప్రసిద్ధం.

ఇవే సభలు దక్కనుకు వచ్చాయి. నిజాముద్దీన్ ఔలియా ఖలీఫా బుర్హానుద్దీన్ గరీబ్ (మరణం 1337) సమాపై గాఢమైన మక్కువ గలవారు. ఆయన సమాధీ, షేఖ్ సంభాషణలను 'ఫవాయిదుల్ ఫుఆద్'గా వ్రాసిపెట్టిన కవి అమీర్ హసన్ సిజ్జీ సమాధీ ఖుల్దాబాదులోనే ఉన్నాయి. చిరాగ్ దెహ్లీ శిష్యుడు ఖ్వాజా బందానవాజ్ గేసూదరాజ్ తైమూరు దండయాత్ర సమయంలో 1398లో ఢిల్లీ విడిచి, బహమనీల గుల్బర్గాలో స్థిరపడి 1422లో మరణించారు. 1956 వరకు గుల్బర్గా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండడం వల్ల, ఆ ఉర్సూ, అక్కడి సమా మర్యాదలూ తెలంగాణ ముస్లిం కుటుంబాల జ్ఞాపకంలో నేటికీ భాగమే. హైదరాబాదు నాంపల్లి యూసుఫైన్ దర్గా వంటి చోట్ల వినిపించే ఖవ్వాలీకి వెనుక ఈ చరిత్ర ఉంది.

మరొక పక్కన సిర్హిందుకు చెందిన షేఖ్ అహ్మద్ ముజద్దిద్ అల్ఫె సానీ (మరణం హి. 1034, క్రీ.శ. 1624) సమాను అంగీకరించలేదు. నమాజు యథార్థాన్ని రుచి చూచినవారు పాటను వెదకరని ఆయన లేఖలలోని భావం. రయ్ వృద్ధుని ప్రశ్నకు ఇది మరొక వైపు నుండి వచ్చిన జవాబు.

ఖాన్ఖా నుండి వేదికకు

20వ శతాబ్దంలో సభ స్వరూపం మారిపోయింది. నైలు డెల్టాలో గ్రామ ఇమాము కుమార్తెగా పుట్టి, బాల్యంలో ఖుర్‌ఆన్ పఠనం నేర్చిన ఉమ్మె కుల్సూమ్ (మరణం 1975) గురువారపు కచేరీలను ఈజిప్టు రేడియో 1930ల నుండి ప్రసారం చేసింది. శ్రోతలు మళ్ళీ మళ్ళీ అనిపించుకోగా ఒక్క పాట గంటకు పైగా సాగేది. అది పాత తరబ్‌కు కొత్త రూపం. అదే కైరోలో ముస్తఫా ఇస్మాయీల్ (1905–1978) వంటి ఖారీలు చదివేటప్పుడు శ్రోతలు అల్లాహ్ అల్లాహ్ అని బిగ్గరగా పలికేవారు. ఆ ఉద్వేగం ఆయతు అర్థానిదా, గొంతుదా అన్న పాత సందేహం అక్కడ కూడా వర్తిస్తుంది. 1970లలో సాబ్రీ సోదరులు ఖవ్వాలీని అమెరికా వేదికలపైకి తీసుకువెళ్ళారు. 1985లో నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఇంగ్లండులోని మెర్సీ ద్వీపంలో జరిగిన వోమాడ్ ఉత్సవంలో పాడినప్పుడు, భాష తెలియని వేలమంది కదిలిపోయారు.

జునైద్ చెప్పిన మూడింటితో దీనిని సరిపోల్చి చూద్దాం. సమయాన్ని ఇప్పుడు టిక్కెట్టు నిర్ణయిస్తుంది. చోటు అందరికీ తెరచిన మందిరం. సహచరులు ఒకరికొకరు అపరిచితులు. జూన్నూన్ వలె, నిన్ను చూచేవాడున్నాడు, కూర్చో అని చెప్పగల పెద్ద ఆ సభలో లేడు. పైగా ఎవరు ఎక్కువ ఊగితే కెమెరా వారివైపు తిరుగుతుంది. చలనం మాత్రం పూర్వం వలెనే బలంగా ఉంది. దానికి కావలి పోయింది. దర్గా ప్రాంగణంలోని ఖవ్వాలీ సైతం అనేక చోట్ల ఈ మార్పుకు లోనయింది.

ముగింపు

వెయ్యేళ్ళ వాదంలో ఇరుపక్షాలూ కలిసిన చోటు ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. కన్నీరు తనకు తానే సాక్ష్యం కాదు. అస్మా (రజి), ఇబ్నె సీరీన్, జునైద్, గజాలీ, ఇబ్నె తైమియ్యా, నిజాముద్దీన్ ఔలియా, వీరిలో ఎవరూ కన్నీటిని చూచి అక్కడితో తృప్తిపడలేదు. సభకు ముందు హృదయంలో ఏమున్నది, సభలో దానిపై అదుపు ఎంత, సభ ముగిశాక నమాజులోనూ నడతలోనూ మిగిలినది ఏమిటి అని విచారించారు.

వాద్యాలపై తీర్పులో భేదం ఉండవచ్చు, ఉన్నది కూడా. ఎవరు ఏ మజ్‌హబును అనుసరిస్తే ఆ మేరకు నడుచుకోవడం వారి బాధ్యత. అయితే ఖవ్వాలీ విని ఏడ్చే తండ్రిని వారించే కుమారుడు, తన కన్ను ఖుర్‌ఆన్‌కు ఎప్పుడు తడిసిందో తనను తాను అడిగి చూసుకోవాలి. ఏడ్చే తండ్రి, ఆ కన్నీరు తెల్లవారి ఫజ్ర్ వరకు నిలిచిందా అని అడిగి చూసుకోవాలి. ఈ రెండు ప్రశ్నలూ ఇంటిలో ఒకరినొకరు అడగడానికి కావు. రయ్ మస్జిదులో ఆ వృద్ధుడు చేసినట్లు, ఎవరికి వారు తమనే అడుగుకోవలసినవి.

వల్లాహు ఆలమ్.